కూలిన సరాయికి వెళ్ళేవారికి తలకిందుల సలహాలు

టర్కీ తూర్పు కొసన, కార్స్ పట్టణం నుంచి సుమారు 45 కిలోమీటర్లు వెళ్తే ఓజక్లి అనే పల్లె వస్తుంది. ఆ పల్లె దాటగానే ఆని నగరపు కోటగోడ ఎదురవుతుంది. 961లో బగ్రాతుని వంశపు రాజు మూడో అషోత్ ఆర్మేనియా రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఇప్పుడు లోపల కాపురాలు లేవు. గడ్డి మైదానంలో అక్కడొకటి ఇక్కడొకటిగా చర్చిలు, ఒక మసీదు, నదిలో తెగిపోయిన వంతెన మొండాలు మిగిలాయి. వాటి మధ్య, అందరూ ఫోటో కోసం ఆగే రాతి మండపం ఒకటుంది. టర్కీ వాడుకలో దాని పేరు కేర్వాన్‌సరాయ్, బిడారులు దిగే సత్రం. ఆర్మేనియన్లకు అది సూర్ప్ అరాకెలోత్స్, పరిశుద్ధ అపొస్తలుల చర్చి. ఈ తగువు ఇంకా తెగలేదు.

ఇలాంటి చోటికి వెళ్ళేవాళ్ళకు గైడ్లు, పుస్తకాలు చెప్పే మాటలు ఒక తీరుగా ఉంటాయి. ముందు ద్వారం చూడండి, బోర్డు చదవండి, బాగున్న భాగం దగ్గర ఎక్కువసేపు ఉండండి, తగువులోకి దిగకండి అంటారు. నా సలహాలు వీటికి ఎదురు నడుస్తాయి. పెడసరంగా ఉన్నాయని మీకనిపించవచ్చు. అయినా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. మంచి సలహాలన్నీ పాటించి వచ్చినవాళ్ళు ఒక అందమైన ద్వారాన్ని, ఎవరో ఒకరి వాదాన్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. కట్టడం మాత్రం వాళ్ళకు కనబడటం లేదు. అది నాకు బాధగా ఉంది.

ద్వారం వదిలేసి ఉత్తరం వైపు వెళ్ళండి

ద్వారం గొప్పదే. రాతిని అల్లికలా చెక్కారు. మధ్య టర్కీలో అక్సరాయ్ దగ్గర సెల్జుక్ సుల్తాన్ అలాద్దీన్ కైకుబాద్ 1229లో కట్టించిన సుల్తాన్ హాన్ సరాయి ద్వారం చూసినవాళ్ళకు, ఇక్కడ నిలబడగానే అదే గుర్తుకొస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ద్వారం చూసి పేరు పెట్టేశారు.

మీరు ఆ మోజు ఆపుకుని, చుట్టూ తిరిగి ఉత్తరం వైపు వెళ్ళండి. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. లేనిది చూడమనే పంపిస్తున్నాను. మండపానికి ఆనుకుని అసలు చర్చి ఉండేది. నాలుగు వైపులా అర్ధవృత్తాకారపు గూళ్ళు, మూలల్లో చిన్న గదులు, అన్నీ ఒకే చతురస్రంలో ఇమిడిన కట్టడం అది. పహ్లవుని అనే రాచకుటుంబం కట్టించింది. గోడ మీద తేదీ ఉన్న శాసనాల్లో అన్నిటికన్నా పాతది 1031 నాటిది. ఆని ఆర్చిబిషప్పులు ఈ చర్చినే వాడుకున్నారు, వాళ్ళలో చాలామంది పహ్లవునిలే. ఆ చర్చి కూలిపోయి ముక్కలు మిగిలాయి. దానికి దక్షిణాన తర్వాత కట్టిన ముందుమండపం మాత్రం సగం నిలిచింది. మన గుడుల్లో గర్భగుడి కూలి ముఖమండపం ఒక్కటే మిగిలితే, ఎరగనివాడికి అది ధర్మశాలలా కనిపించదూ? ఇక్కడ జరిగింది అదే.

ఆర్మేనియన్లు ఈ రకం మండపాన్ని ఝమాతున్ అంటారు. జనం గుమిగూడటానికి, మాటలు తేల్చుకోవడానికి, పెద్దలను పాతిపెట్టడానికి చర్చి ముందు కట్టుకునే హాలు. వీటిలో తొలిదశకు చెందినది ఆనికి దగ్గర్లోనే, హొరోమోస్ మఠంలో ఉంది. దాని కాలం 1038. అంటే ఈ ఊరివాళ్ళకు ఝమాతున్ కొత్త కాదు, దాదాపు రెండు శతాబ్దాలుగా చేయి తిరిగిన పని.

లెక్క కూడా వేసుకోండి. సెల్జుక్ సుల్తాన్ ఆల్ప్ అర్స్లాన్ ఆనిని పట్టుకున్నది 1064లో. ఈ మండపం మీద తేదీ ఉన్న మొదటి శాసనం 1217 నాటిది. అప్పటికి నగరం జార్జియా రాణి కొలువులోని జకరీద్ వంశస్థుల చేతిలోకి వచ్చి దాదాపు ఇరవై ఏళ్ళయింది. కనుక దీన్ని సెల్జుక్ ప్రభువులు బిడారుల కోసం కట్టించారనడానికి ఆధారం లేదు. ఈ విషయంలో మర్యాద కోసం "ఇద్దరిదీ నిజమే" అనకండి. ఇది చర్చి మండపం. ఆ మాట స్పష్టంగా అనండి.

అని, అక్కడితో ఆపకండి.

మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడండి

గైడ్లు కింద జాగ్రత్త అంటారు. రాళ్ళు జారతాయి కాబట్టి ఆ జాగ్రత్త తీసుకోండి, తాడు కట్టిన చోట దాటకండి. నిలకడైన చోటు చూసుకుని తల పైకెత్తండి. ఈ కట్టడపు గొప్పంతా కప్పులో ఉంది.

హాలు మీదుగా పెద్ద పెద్ద కమానులు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ వెళ్తాయి. బరువంతా ఆ కమానుల మీద పడి గోడల్లోకి దిగుతుంది. దూలం లేదు, కర్ర లేదు. కమానుల మధ్య మిగిలిన గళ్ళలో రంగురంగుల రాళ్ళను జ్యామితి ఆకృతుల్లో పొదిగారు. ఈ ప్రాంతపు టఫ్ అగ్నిపర్వతపు రాయి. నలుపు, ఎరుపు, తేనెరంగు, గులాబీ, ఇన్ని ఛాయల్లో దొరుకుతుంది. చెక్కడానికి మెత్తగా లొంగుతుంది. ఆ లొంగుబాటు లేకపోతే ఇంత పని అయ్యేది కాదు.

మధ్య గడి మీద ముఖర్నస్ కప్పు ఉంది. చిన్న చిన్న గూళ్ళు వరసలు వరసలుగా, పై వరస కింది వరస కన్నా కొంచెం ముందుకు వచ్చేలా పేర్చుకుంటూ పోయిన పని ఇది. గింజలు ఒలిచేసిన దానిమ్మ తొక్క లోపలివైపు ఎలా ఉంటుందో అలా కనిపిస్తుంది. ఈ పనితనం ఇస్లామిక్ ప్రపంచంలో పుట్టి పెరిగింది. ఇరాన్‌లో, ఇరాక్‌లో మసీదులకూ సమాధులకూ చేశారు. అనటోలియాలో సరాయిల ద్వారాలకు చేశారు. ఆనిలో ఒక ఆర్చిబిషప్పు చర్చి ముందు చేశారు.

ఇక్కడ ఇంకో పక్షం వాళ్ళు తడబడతారు. ఇది మా చర్చి అని గట్టిగా చెప్పేవాళ్ళలో కొందరికి ఈ ముఖర్నస్ ఇబ్బంది. దాన్ని అలంకారం అని పక్కకు నెడతారు, లేదా అది కూడా మొదట మాదేనంటారు. రెండూ వద్దు. పదమూడో శతాబ్దపు ఆని సంత ఊరు. కాస్పియన్ వైపు నుంచి, నల్లసముద్రం వైపు నుంచి దారులు కలిసే చోటు. డబ్బున్న వర్తకులు చర్చిలు కట్టించారు. తిగ్రాన్ హొనెంత్స్ అనే వర్తకుడు 1215లో కట్టించిన చర్చి నది ఒడ్డున కొండచరియ మీద ఇప్పటికీ నిలబడి ఉంది. అలాంటి ఊళ్ళో మేస్త్రీ ఏ మతంవాడన్న దానికన్నా అతనికి ఏ పని వచ్చు అన్నది ముఖ్యం. పక్క దేశంలో ఏ కప్పు గొప్పగా ఉందో ఆ కప్పు తమ ప్రార్థనాలయానికి కావాలనుకోవడం ఆ వర్తకుల ధీమా. దాన్ని అప్పుగా చూస్తే వాళ్ళను తక్కువ చేసినట్టు.

భక్తి శాసనాలు దాటవేసి పన్నుల శాసనాలు పట్టుకోండి

దానాలు, ప్రార్థనలు, శాపాలు ప్రతి మధ్యయుగపు గోడ మీదా ఉంటాయి. ఈ గోడల మీద ఆర్మేనియన్ లిపిలో వాటితోబాటు పన్నుల గురించీ రాశారు. ఏ సుంకం ఎత్తేశారు, ఎవరికి మినహాయింపు ఇచ్చారు లాంటివి. చర్చి గోడ మీద మార్కెట్ లెక్కలేమిటని మొహం చిట్లించకండి. ఊళ్ళో అందరూ చూసే గోడ అదే. రాతిలో పెడితే అధికారి మాట మార్చలేడు.

మనకు ఇది వింతగా తోచకూడదు. ఆనిలో ఈ మండపం లేచిన తరానికి ఇటు ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు రాజు. ఆయన 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ రాతిని మనం గుడిలో చూస్తాం. వర్తకుడికి భరోసా ఇచ్చే మాట గుడిలోనో చర్చిలోనో చెక్కడం ఆ కాలపు తీరు.

ఆనిలోనే ఇంకో గోడ ఉంది. మనుచిహ్ర్ మసీదు గోడ మీద ఇల్ఖానిద్ మంగోలు పాలకుడు అబూ సయీద్ పేర పర్షియన్‌లో ఒక ఆజ్ఞ ఉంది. అక్రమ వసూళ్ళు ఆపమని దాని సారాంశం. అబూ సయీద్ పాలన 1316 నుంచి 1335 దాకా. ఈ ఏళ్ళ మధ్యే, 1319లో, ఆనిని భూకంపం కుదిపేసింది. చర్చి మండపం మీద ఆర్మేనియన్, మసీదు మీద పర్షియన్, రెంటి బాధా ఒకటే: ఊరు వదిలి వర్తకుడు వెళ్ళిపోకూడదు. చర్చినీ మసీదునీ విడివిడిగా చూపించే బోర్డులు ఈ బాధను దాచేస్తాయి. మీరు ఒక గోడ చూసిన వెంటనే రెండో గోడ దగ్గరికి నడవండి, దారిలో కతెడ్రల్ కనిపించినా ఆగకండి. అది 989లో త్రదాత్ అనే శిల్పి మొదలుపెట్టి 1001లో పూర్తిచేసిన మహా కట్టడం. తర్వాత చూడొచ్చు.

సరాయి అంటే ఏమిటో తెలియాలంటే ఆని నుంచి వెళ్ళిపోండి

అసలు సరాయిని చూస్తేనే ఆని మండపం ఎందుకు సరాయి కాదో కంటికి తెలుస్తుంది. ఆర్మేనియాలో వయోత్స్ జోర్ కొండల్లో, సముద్రమట్టానికి 2410 మీటర్ల ఎత్తున ఒక సరాయి ఉంది. 1332లో ఓర్బెలియన్ వంశపు రాకుమారుడు చెసార్ కట్టించాడు. నల్లని బసాల్ట్ రాయి. పొడవాటి హాలు, పక్కపక్కనే మూడు సొరంగాల్లాంటి కప్పులు. ఒక్కటే తలుపు, ఎందుకంటే కనుమలో దొంగల భయం. కిటికీలు లేవు. కప్పులో వదిలిన కంతల్లోంచి వెలుగు దిగుతుంది, పొగ బయటికి పోతుంది. మంచు తుఫానులో మనిషి, గాడిద, మూట ఒకే చోట తలదాచుకోవాలి. ప్రతి రాయీ ఆ పనికే పెట్టారు.

ఆ సరాయి అలంకారమంతా వాకిట్లోనే ఉంది. ద్వారం పక్క చెక్కిన జంతువులు, బయట పర్షియన్ శాసనం, లోపల ఆర్మేనియన్ శాసనం. ఆర్మేనియన్ శాసనంలో కట్టించిన కుటుంబం పేర్లు వరసగా చెప్పి, దారినపోయేవాళ్ళు తమను తలుచుకోవాలని కోరారు. ప్రపంచాన్ని ఏలేవాడిగా వాళ్ళు పేర్కొన్నది మన అబూ సయీద్‌నే. ఆని మసీదు గోడ మీద పర్షియన్‌లో ఉన్న పేరు, ఇక్కడ ఆర్మేనియన్ క్రైస్తవుల సరాయిలో ఉంది.

ఈ సరాయికీ పేరు తగువు ఉంది. తరాలుగా అది సెలీమ్ కనుమ, సెలీమ్ సరాయి. ఇప్పుడు అధికారికంగా కనుమ పేరు వర్దెన్యాత్స్, కట్టడం ఓర్బెలియన్ సరాయి. నది అవతల చర్చికి సరాయి పేరు తగిలించినట్టే, ఇక్కడ వాడుక పేరును పక్కకు పెట్టారు. ఆని విషయంలో నా మనసు ఆర్మేనియన్ల పక్షాన ఉంది. ఈ కనుమ విషయంలో, వాడుకలో ఉన్న పేరును మ్యాపు నుంచి తీయడం తప్పనుకుంటాను. మీరూ అలాగే ఒక చోట ఒకరి పక్షం, ఇంకో చోట ఇంకొకరి పక్షం తీసుకోండి. నిలకడ లేదని ఎవరైనా అంటే అననివ్వండి.

రెండు చోట్లా చూడాలంటే దారి చుట్టు. ఆని కింద పారే నదిని ఇటువాళ్ళు అర్పాచాయ్ అంటారు, అటువాళ్ళు అఖుర్యాన్ అంటారు. రాయి విసిరితే అవతలి దేశంలో పడుతుంది. కానీ సరిహద్దు 1993 నుంచి మూసి ఉంది. కార్స్ నుంచి జార్జియాలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఆర్మేనియాలోకి దిగాలి. డబ్బు, సమయం వృథా అని అందరూ వద్దంటారు. వెళ్ళండి. అవతలి ఒడ్డు నుంచి, దాటలేని లోయ మీదుగా తమ పాత రాజధానిని చూసేవాళ్ళ పక్కన కాసేపు నిలబడితే, ఒక బోర్డు మీది పేరు వాళ్ళను ఎందుకంత నొప్పిస్తుందో వాదన లేకుండా తెలుస్తుంది.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళు గోల్కొండ దగ్గరి షేక్‌పేట సరాయి దగ్గర మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోనే ఉంది.

బాగుచేయమని అడగకండి

శిథిలాన్ని ప్రేమించేవాళ్ళు మొదట అడిగేది ఇదే: మళ్ళీ ఎందుకు కట్టరు, కప్పు ఎందుకు మళ్ళీ వేయరు? ఆనిలోనే ఒక జవాబుంది. నగరపు వాయవ్య అంచున ఉన్న రాజభవనాన్ని, కొందరు వర్తకుడి భవనం అనేదాన్ని, 1990ల చివర్లో పునరుద్ధరించారు. కొత్త రాళ్ళు సాపుగా, నిగనిగలాడుతూ పాత రాళ్ళను మింగేశాయి. ఏది పదమూడో శతాబ్దం, ఏది మొన్నటి కాంట్రాక్టు అన్న గీత కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా పోయిన సాక్ష్యం తిరిగి రాదు.

ఆర్మేనియన్ గోడ తయారయ్యే పద్ధతి తెలిస్తే ఈ భయం ఇంకా పెరుగుతుంది. గోడ లోపల సున్నంలో కలిపిన రాళ్ళ ముద్ద ఉంటుంది. బయటా లోపలా సన్నగా చెక్కిన టఫ్ పలకలు అతుకు తెలియకుండా తొడుగుతారు. శాసనాలన్నీ ఆ పలకల మీదే. చుట్టుపక్కల పల్లెలు కట్టుకోవడానికి రాయి కావాల్సి వచ్చినప్పుడు మొదట ఊడేవీ ఆ పలకలే. పలక ఊడితే గోడ నిలుస్తుంది, దాని మీది దస్తావేజు పోతుంది. అదే చోట కొత్త పలక అతికిస్తే, అక్కడ ఏదో ఉండేదన్న గుర్తు కూడా పోతుంది. ఆ రాళ్ళ ముద్ద మొహం మొరటుగా ఉన్నా అలాగే ఉండనివ్వమని అడగండి. నీళ్ళు లోపలికి దిగకుండా పైన మూయడం, కమాను జారకుండా ఊతం పెట్టడం, చెట్ల వేళ్ళు తీయడం, ప్రతి రాయినీ కొలిచి రాసుకోవడం, ఇవి అడగండి. వీటికి ప్రారంభోత్సవం ఉండదు, అందుకే ఎవరూ అడగరు.

ఒకే దోషి కోసం వెతకకండి, దోషులే లేరని మాత్రం అనకండి

1957లో తుఫానుకు ఆనిలోని రక్షకుడి చర్చి సగానికి నిలువునా చీలి కూలింది. 1988 డిసెంబరులో ఆర్మేనియా భూకంపం కతెడ్రల్ వాయవ్య మూలను దెబ్బతీసింది. నదికి ఆర్మేనియా ఒడ్డున ఉన్న క్వారీలో పేలుళ్ళకు ఆని గోడలు అదిరాయన్న ఫిర్యాదు ఉంది. తమ పూర్వీకుల నగరానికి ఎదురుగా ఆ పని చేయనిచ్చిన వాళ్ళను ఆర్మేనియన్లే అడగాలి.

కానీ వాన, గాలి, భూమి పేరు చెప్పి మనుషుల ఉద్దేశాన్ని కప్పేసే మాటలు నాకు నచ్చవు. 1921లో రిజా నూర్ అనే టర్కీ మంత్రి ఆని కట్టడాలను నేలమట్టం చేయమని ఆజ్ఞ పంపాడనీ, తాను ఒప్పుకోలేదనీ తూర్పు సేనాని కాజిం కరాబెకిర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆని సైనిక ప్రాంతం. చూడాలంటే అనుమతి కావాలి, ఫోటోలు తీయడమూ కష్టం. 2010 అక్టోబరు 1న ఒక జాతీయవాద పార్టీ నాయకుడు వేల మందితో వచ్చి కతెడ్రల్‌లో శుక్రవారం నమాజు చేయించాడు. 2016లో ఆని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ నాలుగూ ఒకే వందేళ్ళలో జరిగాయి. కరాబెకిర్ కాదన్న సంగతీ, ఆజ్ఞ వచ్చిన సంగతీ రెండూ చెప్పాలి. టర్కీ వైపు నుంచి ఆనిని కాపాడినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేరు చెప్పకపోవడం కూడా ఒక రకం చెరిపివేతే.

బాగా లేని ఫోటోలు తీయండి

సంధ్యవెలుగులో ద్వారం ఫోటో ఇప్పటికే లక్షలమంది దగ్గర ఉంది. మీరు మిట్టమధ్యాహ్నం, నీడలు లేని వేళ, గోడ మూలలు తీయండి. పలక ఊడిన చోట, పగులు పైకి పాకిన చోట, ముఖర్నస్ నుంచి గూడు రాలిన చోట. పక్కన కొలత తెలిసేలా స్కేలు పెట్టండి, గోడ మీద చెయ్యి ఆన్చకండి.

ఎందుకంటే అపొస్తలుల చర్చి చుట్టూ ఒకప్పుడు ఉన్న హాళ్ళు, చిన్న గుళ్ళు ఇప్పుడు దాదాపు లేవు. వాటి పునాదులను పురావస్తు పరిశోధకుడు నికొలాయ్ మార్ 1909లో తవ్వి బయటపెట్టాడు. కార్స్ ప్రాంతం రష్యా చేతిలో ఉన్న రోజులవి. 1892లో మొదలుపెట్టి 1917 దాకా విడతలుగా ఆయన బృందం ఆనిలో పనిచేసింది. తొరోస్ తొరమానియన్ అనే వాస్తుశిల్పి కట్టడాలు కొలిచి నక్షాలు గీశాడు. దొరికిన వస్తువులు దాచడానికి మనుచిహ్ర్ మసీదునే మ్యూజియం చేసుకున్నారు. 1918లో సేనలు దగ్గరపడుతుంటే అష్ఖర్బెక్ కలంతార్ మోయగలిగినవి, సుమారు 6000 వస్తువులు, తరలించాడు. అవి యెరెవాన్ చేరాయి. తాను కట్టించిన చర్చి నమూనాను చేతుల్లో పట్టుకున్న గాగిక్ రాజు శిలావిగ్రహం 1906లో దొరికి, ఆ గందరగోళంలో పోయింది. ఆ విగ్రహం మొత్తంగా ఎలా ఉండేదో ఈరోజు మనకు తెలిసింది దాని ఫోటోల వల్లే.

కనుక మీ ఫోటోల పేర్లలో తేదీ, ఏ గోడ, ఏ దిక్కు అన్నవి రాయండి. పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి, వెతికేవాడు ఏ పేరుతో వెతుకుతాడో మనకు తెలియదు. మార్ కాలపు ఫోటోలు ఉన్న చోట అదే కోణంలో నిలబడి మళ్ళీ తీయండి. ఏ రాయి ఎప్పటిదాకా ఉందో ఆ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రేపు గోడకు ఊతం పెట్టే ఇంజినీరుకు మొదట కావలసింది అదే.